ముందు తమ్ముడి మాట

పెళ్లయి కోట అనే ఊరికి వచ్చిన కొత్తలో జరిగిందిది. మా మామగారి రొయ్యల గుంట నుంచి ఉప్పునీళ్లు పక్కనే ఉన్న ఆయన తమ్ముడి వరిచేలోకి పారాయి. పొద్దున్నే చిన్నమామగారు గుంట గట్టు తెగ్గొడతానని పార పట్టుకుని వచ్చారు. మామగారు అడ్డం నిలబడేసరికి ఆ పార పైకి లేచింది. నేను ఇద్దరి మధ్యకు వెళ్లాను.

బీఏలో మాకు తత్వశాస్త్రం చెప్పి, డిబేట్ పోటీలకు తయారుచేసిన మేడమ్, ఎదుటివాళ్ల వాదన వాళ్లు ఒప్పుకునేలా చెప్పాకే మన వాదన మొదలుపెట్టమనేవారు. అదే గుర్తొచ్చింది.

"మామా, చిన్నమామ బాధేందో ముందు మీరు చెప్పండి," అన్నాను.

మామగారు వరిచేను వైపు తిరిగారు. "పొట్టకొచ్చిన పైరు మాడిపోతా ఉంటే ఎవురు ఊరుకుంటారమ్మా? నేనైనా పార ఎత్తుతా," అన్నారు.

చిన్నమామగారు పార దించేశారు. నేను అడగకముందే, "అన్న మాత్రం ఏం జేస్తాడు? ఆ నీళ్లు మార్చకపోతే రొయ్యలు చచ్చిపోతాయి," అన్నారు.

ఆ రోజే అన్నదమ్ములిద్దరూ కలిసి నీళ్లు పోవడానికి వేరే కాలువ తవ్వడం మొదలుపెట్టారు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. పోటీల్లో గెలవడానికి నేర్చుకున్న విద్య, మా ఇంట్లో ఇద్దరినీ ఓడిపోకుండా కాపాడింది.