మాగాయ ముక్క కింద రుజువు

మా మేనకోడలు సుజాత గతి ఎందుకిలా అయిందని ఎవరైనా అడిగితే, తిరువూరులో మా ఇంటిల్లిపాదీ నా నోటి వైపే చూస్తారు. చూడనివ్వండి. జరిగింది నేనే చెప్తాను.

సుజాతకి హైదరాబాదులో ఒక ఆఫీసు కంప్యూటర్ గదిలో ఉద్యోగం. ఆ యంత్రం మా వంటింటంత ఉంటుందంది. నేను వీధిలో బస్టాండంత అని చెప్పుకున్నాను. పోయిన వేసవిలో అది పని మధ్యలో ఊరికే కూలబడడం మొదలెట్టింది. వాళ్ల సారు తప్పంతా సుజాత రాసిన ప్రోగ్రాం మీదికి తోశాడు. కాదని సోమవారానికల్లా రుజువు తేవాలి, లేదంటే టైపు సెక్షనుకి పోవాలి.

పిల్ల బస్సు దిగిందండీ, చంకలో బస్తాడు కాగితం. మడతలు మడతలుగా అంతా ఒకటే కాగితం, విప్పితే గంపలగూడెం దాకా పరుచుకుంటుంది. నిండా అంకెలు.

"ఏంటే ఇది?"

"డిస్కులో ఉన్నదంతా అచ్చు వేయించాను అత్తయ్యా. డిస్కంటే నీ సామాన్ల గది అనుకో. ఏ ఫైలు ఏ అరలో ఉందో చెప్పే పట్టీ ఒకటుంటుంది. ఆ పట్టీ చెడిందంటే, యంత్రాన్ని నడిపే అసలు ప్రోగ్రామే తప్పు అరలో చెయ్యి పెట్టి కూలబడుతుంది."

రెండు రోజులు నేను అంకెలు చదవడం, తను సరిచూడడం. నా కళ్లు ఊడి కాగితం మీద పడితే ఏరి పెట్టుకున్నాను. శనివారం పొద్దున ఒకచోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. రెండు ఫైళ్లకీ ఒకటే అర!

"దొరికింది అత్తయ్యా. తప్పు డిస్కుది, నాది కాదు." సారుకి ట్రంక్ కాల్ చేస్తానని పోస్టాఫీసుకి పరిగెత్తింది.

దొరికిందంటే పని అయిపోయినట్టేగా. ఇవతల మూడు రోజులు ఉప్పులో ఊరిన మాగాయ ముక్కలు ఎండకి ఎదురుచూస్తున్నాయి. నా దగ్గరున్న పాత పంచె సగం ముక్కలకి కూడా చాలదు. ఆ కాగితం డాబా ఈ చివర నుంచి ఆ చివరకి పరిచి, ముక్కలన్నీ ఆరబోశాను.

లైను దొరికి సుజాత తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఉప్పు చూద్దామని ఒక ముక్క నోట్లో వేసుకుని అప్పుడే మెట్లు దిగుతున్నాను.

"డిస్కు నిన్ననే తుడిచేశారట అత్తయ్యా. ఇక ఆ కాగితమే నాకు ఆధారం. ఏదీ?"

డాబా మీదికి చెయ్యి చూపించాను.

ఎర్ర సున్నా ఉంది. లోపల అంకె లేదు. పసుపు ఊటకి సిరా కరిగి ముక్కలకి అంటుకుంది. పిల్ల తెలివైనది, ఏడవలేదు. ఒక్కో ముక్కా తిరగేసింది. ప్రతిదాని వీపునా అంకెలు తిరగబడి ఉన్నాయి.

"సున్నా మీదున్న ముక్క దొరికితే చాలు. ఇక్కడ మచ్చ ఉంది, ముక్క లేదేం?"

నేను నమలడం ఆపాను.

"కాకి..." అన్నాను. నిండు నోటితో అబద్ధం కూడా సరిగ్గా పలకదు.

సుజాత ఇప్పుడు టైపు సెక్షనులో ఉంది. డిస్కు తుడిచి మళ్లీ నింపాక యంత్రం బాగానే నడుస్తోందట. సుజాత ప్రోగ్రాం తీసేశాకే బాగుపడిందని సారు అందరికీ చెప్పుకుంటున్నాడట. కాదనడానికి కాగితం లేదు.

నేను మాత్రం ఒక్కటి ఏ కాగితం లేకుండానే చెప్పగలను. ఆ ముక్కకి ఉప్పు సరిగ్గా సరిపోయింది.