ఇండక్షన్ పొయ్యికి పెట్టిన పరీక్ష

కళ్లజోడు పెట్టుకున్నవాడికి వీధిలో మర్యాద కంటే పని ఎక్కువ దొరుకుతుంది. యాకుత్‌పురాలో అద్దెకున్న రోజుల్లో రేషను కార్డు దరఖాస్తు నింపాలన్నా, మందు సీసా మీద ఏం రాసుందో చదవాలన్నా నన్నే పిలిచేవారు. నేను చదివింది బీయస్సీ ఫిజిక్సు. మందు సీసాలకి దానితో ఏమీ సంబంధం లేదు.

ఆ ఏడు గ్యాసు సిలిండరు నెల దాటినా రాకపోతే ఇండక్షన్ పొయ్యి ఒకటి కొన్నాను. కొన్నవాణ్ని ఊరుకోక, దాన్ని శాస్త్రీయంగా పరీక్షించాలని నోటు పుస్తకం కూడా తెరిచాను. అయస్కాంతం అంటుకునే గిన్నెలే దానికి పనికొస్తాయి. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో నాలుగు తప్ప అన్నీ ఫెయిలయ్యాయి. ఆ ఫలితం ఆవిడకి నచ్చలేదు. స్టీలు గిన్నెలో పాలు మాత్రం గ్యాసు మీద కంటే త్వరగా పొంగాయి. పప్పు ఉడికేలోపు ఫ్యూజు పోయింది.

మేడ మీద మాకూ కింద ఉండే ఇంటి ఓనర్లకీ కలిపి మీటరు ఒకటే. ఇంటాయన కిరాణా కొట్టు పెద్దమనిషి. హీటరూ గీటరూ వాడొద్దని ఇల్లిచ్చేటప్పుడే చెప్పాడు. ఇది హీటరు కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తర్వాతి రెండు సాయంత్రాలూ పరీక్ష మధ్యలోనే ఫ్యూజు పోయింది.

ఆయన కోడలు జాకెట్లు కుట్టేది. మోకాళ్ల నొప్పి తట్టుకోలేక, నెల కిందటే కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకుంది. మూడో రోజు పెద్దాయన నన్ను కిందికి పిలిచి, ఆమె ఎదుటే అడిగాడు.

“సార్, మీరు సదువుకున్నోళ్లు. జెర చూసి చెప్పున్రి. గీ మోటర్ తోటేనా గీ లొల్లంత?”

నా పొయ్యి పక్కన ఆ మోటారు ఒక బల్బుతో సమానం. డిగ్రీలో నేను సరిగ్గా చదివింది కరెంటు పాఠం ఒక్కటే.

“మోటారు లోడు లాగుతుందండీ” అన్నాను. అబద్ధం కాదు. ఏ మోటారైనా లాగుతుంది.

ఆ పూటే మోటారు విప్పించారు. నేను పొయ్యిని డబ్బాలో పెట్టి అటకెక్కించాను. ఫ్యూజు మళ్లీ పోలేదు. పెద్దాయన కొట్టుకి వచ్చినవాళ్లందరికీ నా తెలివి గురించి చెప్పాడు. నేను ఉప్పు కూడా వేరే కొట్లో కొనడం మొదలుపెట్టాను. అన్నం తింటుంటే కింద కాలితో తొక్కే మిషను చప్పుడు వినిపించేది. కాసేపు ఆగేది. ఆగినప్పుడు ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. చెప్పేద్దామని రెండుసార్లు మెట్లు దిగాను. రెండుసార్లూ అటునుంచటే బజారుకెళ్లిపోయాను.

పది రోజులకి కోడలు మా ఆవిడ జాకెట్టు ఇవ్వడానికి పైకొచ్చింది. అటక మీది డబ్బా చూసి, కొత్త పొయ్యి వాడట్లేదా అని అడిగింది. గ్యాసొచ్చిందిగా అంది మా ఆవిడ, ఏ పాపమూ ఎరగని మనిషి. కోడలు గోడ పట్టుకుని ఒక మెట్టు దిగింది. అక్కడ ఆగి, నా వైపు తిరిగింది.

“ఫ్యూజ్ దేనితోటి పోతుందో మొదటి దినమే ఎరుకైంది నాకు. మీరే చెప్తరని ఊకున్న సార్.”