సంచి మాకంటే ముందు బయలుదేరింది

ఆ రోజు శుక్రవారం, పొద్దున ఎనిమిదీ ఇరవై. ఖిలా వరంగల్‌లో మా పక్కింటి తలుపుకు తాళం వేలాడుతోంది. నా పాస్‌పోర్టు, మా యారాలి పాస్‌పోర్టు ఉన్న గుడ్డసంచిని ఆ ఇంట్లో పెట్టాం. సాయంత్రం నాలుగులోపు ఆ రెండూ హైదరాబాదులో ఒక ట్రావెల్స్ ఆఫీసు బల్ల మీద ఉండాలి. లేకపోతే నేపాల్ నుంచి టిబెట్‌లోకి దాటే గుంపులో మా పేర్లుండవు. ఆ సరిహద్దులో ఒంటరి మనిషిని దాటనివ్వరు. గుంపుకంతా కలిపి ఒకటే వీసా.

తాళాన్ని పట్టుకుని లాగాను. లాగితే వస్తుందా? రాదని తెలుసు. మళ్లీ లాగాను.

నా తొందర ఎందుకో ముందే చెప్తాను. వానాకాలం అయిపోగానే నా రెండు మోకాళ్లకూ ఆపరేషన్. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: "అటెంక ఇంట్ల తిరుగు, బజారుకు పో. రోజుల తరబడి బస్సులల్ల కొండలెక్కుతనంటే మాత్రం నా దగ్గరికి రాకు." అలాంటి మాటే నాకు నచ్చుతుంది. కాబట్టి పోతే ఈ ఎండాకాలం పోవాలి. లేకపోతే ఇక లేదు.

ఎనుమాముల మిర్చి యార్డులో నేను చాలా ఏళ్లు తాలుకాయలు ఏరాను. తెల్లబడ్డ కాయలు ఒక పక్కకు, ఎర్రటివి ఒక పక్కకు. ఎర్రటివి ఎటు పోతాయని హమాలీలను అడిగితే చైనా అనేవారు, మలేషియా అనేవారు. నేను ఏరిన కాయ అంత దూరం పోతోంది, నేను మాత్రం ముక్కుకు కొంగు కట్టుకుని అక్కడే తుమ్ముతున్నాను. అది నాకు నచ్చేది కాదు. యాభై దాటాక మా అన్న బిడ్డ నాకు అక్షరాలు నేర్పింది. ఆమె హనుమకొండలో ఒక కాలేజీలో భూగోళం చెప్తుంది. అందుకేనేమో, చదవడం రాగానే నాకు కథల పుస్తకం ఇవ్వలేదు, అట్లాసు ఇచ్చింది. నేను దాన్ని వేలితో చదివాను. రోడ్డు కనబడితే వేలు ఆగేది కాదు.

నేను ఏరిన కాయలు పోయిన చైనా, మలేషియా నేల మీదుగానే పోయి చూడాలనుకున్నాను, విమానం వద్దన్నాను. విమానంలో పోతే ఏం కనబడుతుంది, మబ్బు తప్ప? అలా చలికాలమంతా మేనకోడలి ఇంట్లో కూర్చుని దారి గీశాం.

"బర్మా మీంచి పోరాదే? దగ్గర గదా," అన్నాను.

"అటు రోడ్డు మీద దాటనిస్తలేరత్తా. లడాయి నడుస్తాంది."

"మరి ఇటు పడమర?"

"ఇటు సంగతి అడగనే అడగకు."

"ఇగ ఏం మిగిలింది మరి, సముద్రంల ఈదుడా?"

"పైన కొండలున్నయి గదా. నేపాల్ నుంచి ఎక్కుదాం. అటెంక చైనాల రైలు, ఆ రైలే లావోస్‌ల దించుతది. లావోస్‌ల దిగినంక వీసా ఇస్తరు. థాయిలాండోళ్లు ఇప్పటికైతే అడుగుతలేరు."

"ఇప్పటికైతే అంటే?"

"అంటే మనం పోయేదాకా మారకుంటే బాగుండు అని."

నాకు ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. వీసా అంటే ఏదో ముద్ర అనుకున్నాను. కాదు, అదొక గడియారం. ఒక దేశం ముద్ర వేసిన రోజు నుంచి దాని కాలం నడుస్తుంది, ఆలోగా పక్క దేశం తలుపు తెరవాలి. ఒకటి ఆలస్యమైతే దాని తర్వాతవన్నీ మూసుకుంటాయి. పొద్దున్నే మేనకోడలికి ఫోన్ చేసి ఏమైనా మారిందా అని అడిగేదాన్ని. "పన్నెండు గంటలల్ల ఏం మారుతదత్తా," అని విసుక్కునేది.

మా మరిది భార్య, అంటే మా యారాలు, తాను కూడా వస్తానంది. నాకంటే చిన్నది, గట్టి మోకాళ్లు. ఆమెకు దేశాల మీద ఫికర్ లేదు. "నడుమ నడుమ బస్సు ఆపుతరా? జర అడుగు," అన్నది ఒక్కటే ఆమె అడిగింది. కానీ ఒక షరతు పెట్టింది. శుక్రవారం పడమటికి శూల, అంటే ఆ రోజు అటు బయలుదేరకూడదు. హైదరాబాదు మాకు పడమరే. ఆఫీసువాళ్లేమో శుక్రవారమే ఆఖరి రోజన్నారు. దానికి మావాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది, ప్రస్థానం పెట్టడం. మంచి రోజు చూసి, మనకు కావలసిన వస్తువొకటి సంచిలో వేసి, వేరేవాళ్ల ఇంట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత మనం ఏ రోజు కదిలినా దోషం లేదు. ఒకటే నియమం: ఆ సంచి మళ్లీ మన గడప లోపలికి రాకూడదు.

ఇలాంటివి నేను నమ్మను. ఆమె నమ్ముతుంది. వాదిస్తే ఆగిపోతుందని ఊరుకున్నాను. గురువారం పొద్దున ఆమె సంచి తీసుకుపోయి పక్కింట్లో పెట్టి వచ్చింది. లోపల ఏం పెట్టావని నేను అడగలేదు. చీరో, రవికో అనుకున్నాను.

శుక్రవారం పాస్‌పోర్టులు ఏవే అంటే, "ప్రస్థానంల పెట్టిన గదక్కా. పోయేది పాస్‌పోర్టే గదా, చీర పోతాందా?" అంది. అప్పుడు తెలిసింది.

అప్పటికి మేనకోడలు కారు తెచ్చి వాకిట్లో ఆపింది. తన పాస్‌పోర్టు తన హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. పక్కింటామెకు ఫోన్ కలిపింది. ఆమె దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చర్చికి పోతుంది, మాతో చాలా స్నేహం.

"నర్సమ్మా, యాడున్నవ్?" అని ఫోన్లో అరిచాను.

"రఘునాథపల్లిల ఉన్నక్కా, మా తమ్ముని ఇంట్ల ప్రార్థన ఉండె. తెల్లారి బస్సుకే వచ్చిన."

"తాళం చెయ్యి?"

"నా దగ్గర్నే ఉన్నది. సంచి గూడ నా దగ్గర్నే ఉన్నది. ఖాళీ ఇంట్ల పెట్టొద్దన్నది గదా మీ యారాలు, అందుకే ఎంట తెచ్చుకున్న. దానికి గూడ ప్రార్థన చేసినం, ఫికర్ చెయ్యకు."

యారాలి ముఖం వెలిగింది. "చూసినవా! పడమటికే పోయింది. మనకంటే ముందే పోతాంది."

"నోరు మూసుకుని కారెక్కు," అన్నాను.

రఘునాథపల్లి హైవే మీదే ఉంది కనుక దారి మళ్లనవసరం లేకపోయింది. నర్సమ్మ రోడ్డు పక్కన సంచి పట్టుకుని నిలబడింది. ఆమె మరదలు చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాను, కారు దిగలేదు. మేనకోడలు ఇంజను కూడా ఆపలేదు.

కారు కదిలాక సంచి విప్పాను. మొదట తమలపాకులు వచ్చాయి, తర్వాత వక్కలు, తర్వాత అక్షింతలు ఒళ్లో పడ్డాయి. అడుగున పాస్‌పోర్టులు. రెండింటికీ నాలుగు మూలలా పసుపు. తమలపాకుల చెమ్మకు ఇంకా ఆరని తడి పసుపు. తెరిచాను. ఫోటోలో నా నొసట కుంకుమ బొట్టు ఉంది.

"ఏందే ఇది?"

"ఫోటోల నీ మొకం బోసిగ ఉండె అక్కా. తొందర్ల బొట్టు లేకుండ దిగినవ్. కొత్త బండికి పెడ్తం, పెండ్లికార్డుకు పెడ్తం. ఇంత దూరం పోయేదానికి పెట్టొద్దా?"

ఫోటో పేజీ నున్నగా ఉంటుంది, బొట్టు తుడిస్తే పోయింది. కానీ మూలల పసుపు లోపలి కాగితాల్లోకి దిగింది. ముద్రలు వేసే కాగితాలన్నీ అంచుల నుంచి మధ్య దాకా పచ్చగా ఉన్నాయి. యారాలు కొంగుతో రుద్దింది.

"రుద్దకు, ఇంకింత పాకుతాంది!"

మేనకోడలు అద్దంలో చూసింది. కారు వేగం తగ్గించింది. జనగాం దాటేదాకా నేను పేజీలు ఒక్కొక్కటే కిటికీ గాలికి పట్టుకుని ఆరబెట్టాను. ఆరినకొద్దీ మరక ముదిరింది.

ఆఫీసులో కౌంటరు దగ్గర చిన్న వయసు అమ్మాయి. నా పాస్‌పోర్టు చేతిలోకి తీసుకోగానే వేలి కొన చూసుకుంది.

"అమ్మా, ఇది డ్యామేజ్ కింద వస్తది."

"పసుపు డ్యామేజా బిడ్డా? శుభం గదా," అంది యారాలు.

"మనకు శుభమే అమ్మా. అక్కడి ఆఫీసరుకు ఎట్ల చెప్పాలె?"

లోపలి నుంచి మేనేజరు వచ్చాడు. పేజీలు వెలుగుకు పట్టి చూశాడు. మర్యాద గల మనిషి. కుర్చీ వేయించి చెప్పాడు: సరిహద్దులో ఒక పాస్‌పోర్టు మీద అనుమానం వస్తే గుంపు మొత్తాన్ని ఆపుతారు, అందుకని వీటిని కలపలేను. కొత్తది తీసుకోవచ్చు, కానీ నంబరు మారుతుంది. నంబరు మారితే టిబెట్ పర్మిటు మొదటి నుంచి అడగాలి. ఈ గుంపుకు అందదు. వర్షాలు మొదలైతే ఆ కొండదారి తెగుతుంది.

"ఇంకో గుంపు?" అన్నాను.

"వానలు పోయినంక ఉంటదమ్మా."

వానలు పోయాక నా మోకాళ్లు బల్ల మీద ఉంటాయి. ఆ మాట నేను అతనికి చెప్పలేదు. అతనికెందుకు?

అతను మేనకోడలి వైపు తిరిగాడు. "మేడం, మీది క్లియర్. మీ పేరు ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నాలుగుకు లిస్టు పంపాలె."

"తీసెయ్యండి," అంది ఆమె వెంటనే.

"ఉంచు," అన్నాను నేను.

"అత్తా, నువ్వు లేకుంట నేనెందుకు పోవుడు? దారి గీసింది నీ కోసం."

"నా కోసం ఆగితే నేను సచ్చేదాకా నిన్ను తిడ్తా. పోతే గూడ తిడ్తా, కానీ జర తక్కువ తిడ్తా. ఇయ్యి పాస్‌పోర్టు."

ఆమె హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది. నేను లాగాను. అది తాళం కాదు కదా, వచ్చింది. తీసి బల్ల మీద పెట్టాను. కౌంటరు అమ్మాయి మాలో ఎవరి వైపు చూడాలో తెలియక కంప్యూటర్ వైపు చూసింది.

యారాలు ఏడుస్తోంది. "నా వల్లనే అయింది అక్కా."

"నీ వల్లనే," అన్నాను. కాదని ఎందుకు చెప్పాలి? ఆమె మీద కోపం అప్పుడూ ఉంది, ఇది రాస్తున్నప్పుడూ కొంత ఉంది. అయినా ముక్కు తుడుచుకొమ్మని నా కొంగే ఇచ్చాను. ఆమె కొంగు పసుపైపోయింది.

మెట్లు దిగుతుంటే మేనకోడలు ఆగి, "అత్తా, నేపాల్‌కు పాస్‌పోర్టు అడగరు. రోడ్డు మీద పోతే మన వోటరు కార్డు చాలు," అంది.

"ఎక్కడిదాకా?"

"ఖాట్మండు దాకా నాతోటి రాండ్రి. ఆపైన గూడ బస్సు ఉంటది, సరిహద్దు ఊరి దాకా. అక్కడ పోనిచ్చినకాడికి పోదాం. అటెంక నేను దాటుత, మీరు మర్లుతరు."

ఒక నిమిషం నాకు అది బిచ్చం వేసినట్టు అనిపించింది. చైనా అన్నవాళ్లం గేటు దాకా పోయి వీడ్కోలు చెప్పి రావడమా? మళ్లీ ఇంకో సంగతి తట్టింది. గేటు దాకా పోతే అవతలి కొండ కనబడుతుంది కదా. ఆ కొండకు వీసా అడిగేవాడెవడు?

"గోరఖ్‌పూర్ రైలు వరంగల్‌లనే ఎక్కొచ్చా?" అని అడిగాను.

"ఎక్కొచ్చు."

"అక్కడ దిగి సరిహద్దుకు బస్సా, జీపా? మర్లేటప్పుడు మేమిద్దరమే గదా, కొండ దిగే బస్సు పొద్దునా, మాపునా? ఆ తొవ్వ మూసుకుంటే ఇంకోటి ఉన్నదా? ఫోన్ల చూడు."

"కారు దాకనన్న పోనియ్యత్తా!"

"నడుస్తనే చూడు."

నా చైనా ప్రయాణం ఆగి, నేపాల్ ప్రయాణం మొదలైన ఆ రోజు ఉన్నది వీళ్లు: నేను, మా యారాలు, మా అన్న బిడ్డ, రఘునాథపల్లి రోడ్డు మీద మా పక్కింటి నర్సమ్మ, చెంబుతో నీళ్లిచ్చిన ఆమె మరదలు, ఆఫీసులో కౌంటరు అమ్మాయి, కుర్చీ వేయించిన మేనేజరు.