ఎప్పుడూ సముద్రపు గుమ్మానికే పోయే బండి

2016 వేసవి. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే దారిలో నాకు పిల్లల సామాన్ల దుకాణం ఉంది. ఉయ్యాలలు, పాలసీసాలు, చిన్న కుర్చీలు అమ్ముతాను, అప్పట్లో వాకర్లు కూడా అమ్మేవాణ్ణి. వాకర్ అంటే పసిపిల్లల్ని నడుమ గుడ్డ సీట్లో కూర్చోబెట్టే చక్రాల బండి. మా తాతగారి ముందు పద్దెనిమిది గ్రామాల పెద్దలు చెప్పులు విడిచి నిలబడేవారు. ఆయన మనవడు పాలసీసాలు అమ్ముకుంటున్నాడని జాలిపడేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఏ పని చేసినా అన్న మాట నిలబడాలన్నది మా ఇంటి నియమం. అందుకే అప్పట్లో నా దుకాణంలో బేరం ఉండేది కాదు, అమ్మిన వస్తువు వెనక్కి తీసుకునేవాణ్ణి కాదు. ఆ సంగతి గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాను.

ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్ళు వాకర్ మోసుకుని లోపలికి వచ్చారు. పెద్దామె పేరు పైడమ్మ, సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వెనక ఆమె కోడలు కుమారి. చంకలో తొమ్మిది నెలల మగపిల్లవాడు, వాడి నుదుటిమీద పసుపు పూసిన బొప్పి. కుమారిని నేను గుర్తుపట్టాను. నెల కిందట వాకర్ కొన్నది ఆమే. "దీంతో నడక తొందరగా వస్తాదా బాబూ?" అని అడిగితే, "నెల తిరిగేసరికి నడిచేస్తాడు" అని చెప్పాను. పెట్టెమీద అచ్చువేసిన మాట అది. నేను నా మాటలాగే చెప్పాను.

పైడమ్మ బండిని నేలమీద దబ్బుమని పెట్టింది.

"బాబూ, నిజం సెప్పండి. ఈ బండిలో ఏటైనా లోపమున్నాదా?"

"నా దుకాణంలో లోపమున్న సరుకు ఉండదు" అన్నాను.

"మరైతే ఎటు తిప్పి పెట్టినా ఆ సముద్రం ఏపు గుమ్మానికే పోతాదేటి? వంటింట్లో ఎడితే గుమ్మానికి, గోడకాడ ఎడితే గుమ్మానికి. మొన్న మెట్లమీదకే పోనాది. సూడండి ఈడి నుదురు."

"ముందు బండి సంగతి చూద్దాం" అని దాన్ని తిరగేశాను. చుట్టూ తిరిగే చిన్న చక్రాలను మేము క్యాస్టర్లు అంటాం. అవి బిగుసుకుంటే బండి ఒక వైపుకే లాగుతుంది. ఆరూ తేలికగా తిరుగుతున్నాయి. అడుగున స్టాపర్లు, అంటే చక్రం మెట్టు అంచు దాటినప్పుడు నేలకు ఆనుకుని ఆపాల్సిన రబ్బరు ముక్కలు, చేపల నీళ్ళకు జారుడుగా అయ్యాయి గాని ఊడలేదు. బండిని నిలబెట్టి నెమ్మదిగా తోశాను. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి ఆగింది. మరో దిక్కుకు తోశాను. అదే తీరు.

"చూశారా? సరుకులో ఏ తప్పూ లేదు" అన్నాను. నా గొంతులో గెలుపు ఉందని ఒప్పుకుంటాను.

పైడమ్మ బల్ల పట్టుకుని నిలబడింది.

"అయితే పిల్లోడిదే" అంది. "బండిది కాదంటే పిల్లోడిదే. ఆడిని సముద్రం పిలుస్తన్నాది."

కుమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంగతి ఆమే చెప్పింది. పైడమ్మ భర్త సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదట. కొడుకు గుజరాత్ బోట్ల మీద కూలికి ఉన్నాడు. మనవడు రోజంతా సముద్రపు గుమ్మానికే పోతుంటే పైడమ్మకు నిద్ర పట్టడం లేదు. ఎస్.కోటలో కుమారి అక్క ఉంది, అక్కడ కొండలే తప్ప సముద్రం కనపడదు. బండిలో లోపం లేదని తేలితే పిల్లవాడిని రేపే ఆ అక్క దగ్గరకు పంపేసి, పెద్దయ్యేదాకా అక్కడే ఉంచాలని పైడమ్మ నిర్ణయం.

"నా పాలు తాగే పిల్లోడు, బాబూ. మా అత్త మాట అంటే అన్నట్టే" అంది కుమారి.

"నాకు మాత్రం సరదా ఏటే?" అని పైడమ్మ కసిరింది. "ఆడు లేపోతే ఆ ఇంట్లో నాను ఎవుర్తో మాటాడాలి, ఎండుసేపల్తోనా?"

వస్తువు మంచిదని రుజువు చేశాను, నా పని అయిపోయింది. కాని తిన్నగా నడిచే బండి ఆ ఇంట్లో ఒక్క గుమ్మానికే ఎందుకు పోతుంది? పిలుపులూ శకునాలూ నేను నమ్మను. నమ్మనప్పుడు వేరే కారణం చూపించాలి కదా. ఆ మధ్యాహ్నం దుకాణం మూసి వాళ్ళతోపాటు బస్సెక్కాను.

తుఫాను తర్వాత కట్టిన కాలనీ ఇల్లు అది. ఒకే గది, వెనక వంటిల్లు, ముందు తూర్పు గుమ్మం, మూడు మెట్లు దిగితే ఇసుక, ఆపైన సముద్రం. గుమ్మానికి గడప లేదు. గడప లేని ఇల్లు నేను అంతకుముందు చూడలేదు.

"గడప ఏమైంది?"

"సేపల టబ్బులు ఈడవడానికి అడ్డమని తీయించీసినాను" అంది పైడమ్మ.

పిల్లవాణ్ణి ఎక్కించకుండా ఖాళీ బండిని గది నడుమ పెట్టి చేయి తీశాను. ఒక క్షణం ఆగి, అది తనంతట తానే కదిలి గుమ్మం వైపు బయలుదేరింది. మెట్ల అంచున పట్టుకున్నాను.

"ఓలమ్మో!" అంది వీధిలోంచి తొంగిచూస్తున్న పొరుగామె. "ఉత్త బండి పోతన్నాదే! దెయ్యమెక్కినాదేటే?"

"గుండ్రటి వస్తువేదైనా ఇవ్వండి" అన్నాను.

పైడమ్మ వంటింట్లోకి వెళ్ళి భక్తిగా ఒక నిమ్మకాయ తెచ్చింది. కళ్ళకద్దుకుని మరీ నా చేతిలో పెట్టింది.

"దిష్టి కూడా తీస్తారా బాబూ? మీ తాతగారి కాలంలో మీ ఇంట్లో ఇవన్నీ తెలుసని సెప్పుకునేవోరు."

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు" అని నిమ్మకాయను నేలమీద పెట్టాను. అది రెండుసార్లు దొర్లి, వేగం అందుకుని, గుమ్మం దాటి మెట్లు దిగి ఇసుకలో పడింది. పొరుగామె చీర పైకెత్తుకుని పక్కకు గెంతింది.

"పైడమ్మా, ఈ గచ్చు ఎవరు వేయించారు?"

"నానే. దగ్గరుండి ఎయించాను."

"వాటం ఎటు పెట్టించారు?" నీళ్ళు పారడానికి నేలను ఒక వైపుకు వాలుగా వేయడాన్ని తాపీపనివాళ్ళు వాటం అంటారు.

"సముద్రం ఏపే. సేపల కంపు కదా బాబూ, రోజూ పది బిందెలు కొట్టి కడగాలి. నీలు నిలవకూడదు, ఇంకా దించు, ఇంకా దించు అని మేస్త్రీ పీక మీద కూకుని..." ఆమె అక్కడ ఆగిపోయింది. నిమ్మకాయ పోయిన దారి చూసింది. తర్వాత నా వైపు చూసింది. "నానే ఎట్టించినాను కదేటి!"

కుమారికి ముందు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. "సముద్రం కాదత్తా, నువ్వే పిలిసినావు!"

"నోరు ముయ్యే" అంది పైడమ్మ. కాని ఆ ముఖంలో అనుమానం ఇంకా పూర్తిగా వదల్లేదు. "నిమ్మకాయ సంగతి సరే. పిల్లోడి మనసు మాటేటి?"

పిల్లవాణ్ణి కిందకు దించమన్నాను, బండి లేకుండా, ఉత్త నేలమీద. కుమారిని గుమ్మం దగ్గర అడ్డంగా కూర్చోమన్నాను. నెలరోజులుగా రోజంతా బండిలోనే ఉన్న పిల్లవాడు. కాలివేళ్ళు మాత్రమే నేలకు తగిలేవి కాబట్టి ఆ వాలుకు ఎదురు తన్నుకోవడం వాడికి చేతనయ్యేది కాదు. ఇప్పుడు బోర్లాపడి, చేతులమీద లేచి, మళ్ళీ పడ్డాడు. గుమ్మంలోంచి గాలి కొడుతోంది, కెరటాల చప్పుడు వినిపిస్తోంది. వాడు ఒకసారి అటు చూశాడు. తల్లినీ చూశాడు. తర్వాత తిరిగి, మోకాళ్ళు ఈడ్చుకుంటూ, ఎగువకు, వంటింటి గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ దగ్గరకు పాకడం మొదలుపెట్టాడు. రెండుసార్లు జారాడు. మూడోసారి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు.

పైడమ్మ వాణ్ణి ఎత్తుకోలేదు. ఆ పిడికిలి వైపు చూస్తూ కూర్చుంది.

"కుమారీ" అంది చివరకు, "మీ అక్కకి ఫోన్ సేసి సెప్పీ. పిల్లోడు రాడు."

నేను బండి తీసుకున్నాను. గడప మళ్ళీ పెట్టించమని చెప్పి, డబ్బు తిరిగిచ్చేశాను. మా ఇంటి మగవాళ్ళు వీధిలో చేతి సంచి కూడా పట్టుకుని నడవకూడదని మా నాన్నగారి పట్టుదల. ఆ సాయంత్రం నేను రంగురంగుల గిలక్కాయలు వేలాడే బండిని చంకన పెట్టుకుని పల్లె అంతా చూస్తుండగా బస్సు ఆగే చోటిదాకా నడిచాను. గిలక్కాయలు అడుగడుగునా మోగుతూనే ఉన్నాయి.

నాలో ఇంకో ప్రశ్న మిగిలింది. నా దుకాణానికి వచ్చే పిల్లల డాక్టరమ్మను అడిగాను, అసలు ఈ వాకర్లవల్ల నడక తొందరగా వస్తుందా అని. "రాదండీ" అన్నారామె. "కొందరికి ఆలస్యం కూడా అవుతుంది. నడుమూ చేతులూ బలపడేది నేలమీద పాకితేనే. బండిలో ఉన్న పిల్లవాడు మనం లేచేలోగా పొయ్యి దగ్గరో మెట్ల దగ్గరో ఉంటాడు. వాలు లేని ఇంట్లో కూడా అంతే. స్టాపర్లను నమ్ముకోకండి." కెనడాలో వీటి అమ్మకాన్నే నిషేధించారని కూడా చెప్పారు. అంతకాలం అమ్మిన నాకు ఆ సంగతి తెలియదు. అడగాలనీ తోచలేదు.

ఉన్న వాకర్లు కంపెనీకి తిప్పి పంపాను. మళ్ళీ తెప్పించలేదు. పక్క దుకాణంలో దొరుకుతాయి, ఎవరైనా అక్కడికి వెళ్తామంటే ఆపను. కాని ముందు నా దగ్గరకు వచ్చి "పిల్లాడికి నడక తొందరగా రావడానికి ఏమున్నాయి?" అని అడిగేవాళ్ళకు తెలిసింది చెబుతాను: నేల మీద చాప పరిచి, మీరు ఎదురుగా కూర్చోండి. కొందరు నవ్వుకుని వెళ్ళిపోతారు. కొందరు నిలబడి ఎందుకని అడుగుతారు. అప్పుడు పైడమ్మ ఇంటి సంగతి చెబుతాను.

అమ్మిన సరుకు మంచిదని నిరూపిస్తే అమ్మినవాడి బాధ్యత తీరిపోతుందని ఆ రోజుదాకా అనుకునేవాణ్ణి. ఆ బండి నా దుకాణంలో తిన్నగానే నడిచింది. అది నడవాల్సింది నా దుకాణంలో కాదు. "నెల తిరిగేసరికి నడిచేస్తాడు" అన్న మాటను ఆ బొప్పి కట్టిన నుదురు ముందు నిలబెట్టుకోలేకపోయాను. గోడమీద రాయించిన అక్షరాలమీద ఆ వారమే సున్నం కొట్టించాను.