మోకాలి ఆపరేషనుకి ముందు అన్నవరం

కుడి మోకాలిలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందనీ, కీలు మార్చాల్సిందేననీ రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారు చెప్పి నెల దాటింది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడుస్తాను, సాయంత్రం షటిల్ ఆడతాను, బజారుకి సైకిలు మీదే వెళతాను. అందుకని ఆపరేషను తర్వాత ఇవన్నీ ఉంటాయా పోతాయా అని ఒక్కొక్కటీ అడిగాను. నడకా, సైకిలూ ఇప్పటికన్నా హాయిగా సాగుతాయన్నారు. షటిల్ కూడా గెంతకుండా ఆడుకోవచ్చన్నారు. నేను సంతోషంగా లేచి తలుపు దాకా వెళ్ళాక, "నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం మరిచిపోండి మాస్టారూ" అన్నారు. అక్కడ వచ్చింది చిక్కు.

మా ఇంట్లో డైనింగ్ టేబులు లేకపోలేదు. దాని మీద పాత పేపర్లూ, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలూ ఉంటాయి. నాకు కింద పీట వేసుకుని తింటేనే తిన్నట్టు. పైగా ఏటా మాఘమాసంలో అన్నవరం వెళ్ళి, మెట్ల దారిన కొండెక్కి, సత్యనారాయణస్వామి వ్రతంలో మా ఆవిడ సుభద్ర పక్కన పీటల మీద కూర్చోవడం పెళ్ళయిన ఏడాది నుంచీ అలవాటు. ఇకమీదట కుర్చీలో కూర్చుని దేవుడికి పూజ చేయడమంటే నాకు మనసొప్పలేదు. ఆపరేషనుకి అవునో కాదో సోమవారం చెప్పాలి. శుక్రవారం అన్నవరం వెళదాం, మెట్లెక్కి, వ్రతం పూర్తయ్యేదాకా కింద కూర్చోగలిగితే ఆపరేషను మానేద్దాం అన్నాను. "దేవుడి దగ్గరికి వెళ్ళేది దణ్ణం పెట్టుకోడానికా, పరీక్ష రాయడానికా?" అంది సుభద్ర. కానీ కాదనలేదు.

రాజమండ్రి నుంచి అన్నవరానికి బస్సులు చాలానే ఉన్నా, మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళకి పాసింజరు రైలు మేలు. కాలు చాపుకోవచ్చు, విసుగనిపిస్తే లేచి నాలుగడుగులు వేయవచ్చు. టిక్కెట్టు కూడా బస్సులో సగం. తెల్లవారుజామున ఎక్కితే, ఎక్స్‌ప్రెస్సులకి దారిస్తూ సామర్లకోటలో కాస్త ఎక్కువసేపే నిలబడినా, రెండు గంటల్లో దింపేస్తుంది. సామర్లకోటలో ఇడ్లీ తిన్నాం. పిఠాపురం దాటాక పొలాలు మారి మెట్టనేల మొదలవుతుంది, తర్వాత కొండలు కనిపిస్తాయి. స్టేషను బయట ఆటో అతను ఇద్దరికీ కలిపి ఇరవై రూపాయలన్నాడు. నేను కొండ కింద మెట్ల దగ్గర ఆపమంటే, అద్దంలోంచి నా కాలి వంక చూశాడు. స్టేషను మెట్లు దిగేటప్పుడు నేను కుంటడం గమనించినట్టున్నాడు.

"పైదాకా దేవస్థానం బస్సుందండి. ఎందుకండీ ఆయాసం?" అన్నాడు.

"ఆయనకి ఇవాళ పరీక్ష బాబూ, ఆయన్ని అక్కడ దింపెయ్యి. నన్ను బస్సు దగ్గర దింపు" అంది సుభద్ర.

మెట్లు మరీ నిటారుగా ఉండవు, మధ్యమధ్య నీడ కూడా ఉంది. ఎండ ముదరకముందే మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అరగంటలో ఎక్కేస్తారు. నాకు మంచి కాలు ముందు వేసి, రెండో కాలు దాని పక్కకి లాక్కోవడంతో సరిపోయింది. కొంతదూరం వెళ్ళాక ఒకావిడ ప్రతి మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతోంది. మెట్లపూజ చేసేవాళ్ళు అక్కడ కొత్త కాదు. అందరూ వంగి కాళ్ళ దగ్గర మెట్టుకి బొట్టు పెడతారు. ఈవిడ మాత్రం నడుం దగ్గర కాస్త వంగి, చెయ్యి చాపి, నాలుగు మెట్ల పైనున్న దానికి పెడుతోంది. ఆవిడ భర్త పసుపు గిన్నె పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. ఎందుకలా అని అడిగాను.

"మోకాళ్ళు రెండూ మార్పించుకున్నానండి. కిందకి కూకోలేను. ఆపరేషను బాగా జరిగితే ప్రతి మెట్టుకీ బొట్టు పెడతానని మొక్కున్నాను. మొక్కున్నప్పుడు ఆ సంగతి తెలీదు కదండీ" అని నవ్వింది.

ఆవిడ పేరు నూకరత్నం. కాకినాడ పక్క సముద్రం ఒడ్డున ఊరు, చేపల వ్యాపారం. బుట్ట ముందు గొంతుక్కూర్చుని అమ్మీ అమ్మీ మోకాళ్ళు పాడయ్యాయట. ఇప్పుడు ఎత్తు బల్ల మీద చేపలు పెట్టి, స్టూలు మీద కూర్చుని అమ్ముతోందట. నడక ఎలా ఉందని అడిగాను.

"నడకకేం లోటులేదండి, ఒడ్డున పడవల కాడికి నేనే వెళ్ళి వేలం పాట పాడుకుని సరుకు తెచ్చుకుంటున్నాను. మొదటి రెండు నెలలూ మాత్రం నరకమేనండి. ఆ కసరత్తులు చేయించే అమ్మాయిని తిట్టని తిట్టు లేదు. కాలి మెట్టె జారితే ఇప్పటికీ ఈయనే సర్దాలి."

"మొన్న పెట్టమంటే తప్పు వేలికి పెట్టానండి" అన్నాడు భర్త, తన వంతు వచ్చిందని.

ఇద్దరూ ఆగి ఆగి ఎక్కుతున్నా నాకన్నా ముందే పైకి చేరారు. నేను చేరేసరికి సుభద్ర వ్రతం టిక్కెట్లు తీసుకుని నీడలో కూర్చుని ఉంది. "ఎన్ని మార్కులు?" అంది. సగం పాసయ్యానన్నాను.

వ్రతాల హాల్లో జంటలన్నీ వరసగా కూర్చుంటాయి, పురోహితుడు మైకులో చెబుతుంటే అందరూ ఒకేసారి చేస్తారు. సామాను అంతా టిక్కెట్టుతోనే వస్తుంది. నా కండువా చెంగు, సుభద్ర కొంగు కలిపి ముడి వేశారు. అది వ్రతం పూర్తయ్యేదాకా విప్పకూడదు. మా వరసలోనే గోడ పక్కన నూకరత్నం స్టూలు మీద కూర్చుంది, ఆవిడ భర్త కింద పీట మీద. వాళ్ళ కొంగుముడి పైనుంచి కిందకి ఏటవాలుగా వేలాడుతోంది. నాకు లోపల నవ్వొచ్చింది. చూశావా, ఆపరేషను చేయించుకుంటే నీ గతీ ఇదే అనుకున్నాను. నేను మటుకు బాసింపట్టు వేసి నిటారుగా కూర్చున్నాను.

రెండో కథ దాకా బాగానే ఉన్నాను. మూడో కథలో పాదం మొద్దుబారింది. నాలుగో కథలో మోకాలు ఉందో లేదో తెలియలేదు. దేవుడి వైపు కాళ్ళు చాపకూడదు కనుక కదలకుండా అయిదో కథ కూడా విన్నాను. గెలిచాననుకున్నాను. అప్పుడు మైకులో, "అందరూ అక్షింతలు పట్టుకుని లేచి ఆత్మప్రదక్షిణ చేయండి" అన్నారు.

హాలంతా లేచింది. సుభద్ర కూడా సగం లేచి, ముడి బిగుసుకోవడంతో ఆగిపోయింది. నేను లేవలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించాను, రెండు చేతులూ ఆనించాను, కాలు పలకలేదు. చుట్టూ అందరూ ఉన్నచోటే తమ చుట్టూ తాము తిరుగుతున్నారు. మేమిద్దరం వాళ్ళ మధ్య కింద ఉన్నాం.

"ముడి విప్పి నువ్వు తిరుగు" అన్నాను మెల్లగా.

సుభద్ర మళ్ళీ నా పక్కన చతికిలబడింది. "విప్పితే వ్రతం మధ్యలో ఆపినట్టే. తొందరేం లేదు, కూర్చోండి."

"ఇంట్లో ఇలా ఎప్పుడూ కాలేదు. ఇవాళ మెట్లెక్కాను కదా, అందుకని..."

"ఏవండీ" అంది, అక్షింతల వంక చూస్తూ. "రోజూ మీ భోజనం అవగానే నేను వంటింట్లోకి ఎందుకు వెళ్ళిపోతాననుకున్నారు? మజ్జిగ గిన్నె లోపల పెట్టడానికా?"

రోజూ తిన్నాక గుమ్మమూ, ఫ్రిజ్జు పిడీ పట్టుకుని, పళ్ళు బిగపట్టి లేస్తున్నాను. ఆ సమయానికి ఆవిడ అక్కడ ఉండదు కనుక ఎవరికీ తెలియదనుకున్నాను. తను చూస్తే నేను చిన్నబుచ్చుకుంటానని ఇన్నాళ్ళూ ఆవిడే పక్కకి తప్పుకుంటోంది. సిగ్గేసింది. ఆ తర్వాత, చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

ఇంతలో నేల మీద ఏదో రాసుకుంటూ వచ్చిన చప్పుడయింది. ప్రదక్షిణ పూర్తి చేసుకున్న నూకరత్నం తన స్టూలుని కాలితో నా వైపు తోస్తోంది. "పట్టుకుని లేవండి మాస్టారూ. దీనికి కాళ్ళు నాలుగు, అన్నీ గట్టివే" అంది. ఒక చెయ్యి స్టూలు మీద, ఒకటి సుభద్ర భుజం మీద వేసి లేచాను. అందరూ ప్రసాదానికి కదులుతుండగా మేమిద్దరం ముడితోనే మెల్లగా తిరిగాం. పురోహితుడు మైకు పక్కన పెట్టి మా కోసం ఆగాడు. కొండ దిగడం బస్సులోనే.

ఆపరేషను చేయించుకుంటే నేల మీద కూర్చోవడం పోతుందని నేను నెలరోజులుగా బెంగపడ్డాను. అది పోయి ఎంత కాలమైందో నాకు తప్ప మా ఇంట్లో అందరికీ తెలుసు, అంటే సుభద్రకి తెలుసు. సోమవారం డాక్టరుగారికి సరేనని చెప్పాను. ఉగాది వెళ్ళాక ఆపరేషను. మోకాళ్ళ నొప్పులతో అన్నవరం వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మెట్లెక్కే సరదా ఉంటే ఎక్కండి, దిగడానికి మాత్రం బస్సెక్కండి, హాల్లోకి వెళ్ళగానే గోడ పక్క జాగా, స్టూలు అడగండి. అడిగితే ఇస్తారు. నేను అడగలేదు.

ఆ శుక్రవారం రాత్రి అన్నవరం నుంచి ఇంటికి వచ్చాక డైనింగ్ టేబులు మీది పేపర్లూ బట్టలూ నేనే తీసేశాను. సుభద్ర రెండు కంచాలు పెట్టింది. అన్నవరం ప్రసాదంతో మొదలుపెట్టి మజ్జిగన్నం దాకా కుర్చీల్లో కూర్చునే తిన్నాం. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. మజ్జిగ గిన్నె అక్కడే ఉంది, సుభద్ర కూడా అక్కడే కూర్చుని ఉంది.