ఆడబిడ్డ సూదులు, ఆయన దగ్గు

మా ఆడబిడ్డ పోయింది. పోయిన వారం పొద్దున్నే పక్క క్వార్టరావిడ గోడ మీది నుంచి తొంగిచూసి, "అవ్వా, పంచర్ డాక్టరమ్మ నిద్రల్నే పోయిందట, గుండె ఆగిందట" అని అరిచింది. "ఆయన చెల్లెలు ఆమె. కొంచెం మెల్లగ చెప్పరాదు?" అని కసిరాను. అప్పటికే ఆయన వినేశాడు.

ఆనాటి నుంచి వచ్చినవాళ్లంతా "బంగారమసొంటి మనిషి" అంటున్నారు. పోయినవాళ్లను బంగారం చేయడం మనకు మామూలే. ఆమెతో ఏళ్ల తరబడి ఒకే గదిలో మాటల్లేకుండా కూర్చున్నదాన్ని నేను. ఆమె ఏ లోహమో నన్నడగండి.

భర్త పోయాక మంచిర్యాలలో ఏదో శిబిరానికి వెళ్లి సూదుల వైద్యం నేర్చుకుంది. గోదావరిఖనిలో తన రేకుల ఇంటి ముందు "ఆక్యుపంక్చర్" అని బోర్డు పెట్టింది. తెలుగు టీచరును కదా, అందులోని ఒత్తులు నేనే సరిచేయించాను. ఏం లాభం? నోరు తిరగక జనం "పంచర్" చేసుకున్నారు. ఒక ఆటో అతను టైరు దొర్లించుకుంటూ వచ్చాడు కూడా. "టైరుకు దగ్గుంటే చెప్పు తమ్మీ, పొడుస్త" అని పంపించింది. ఆమె మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే. అప్పటికి మేం ఇంకా మాట్లాడుకుంటున్నాం లెండి.

మొండి దగ్గులకు ఆమె పేరు పడింది. బొగ్గు దుమ్ము మింగిన ఊళ్లో దగ్గులకు కొదవేముంది! మణికట్టు పైన, మెడ కింది గుంటలో, రొమ్ము నడుమ సన్నటి సూదులు దించి, కదలొద్దు, మాట్లాడొద్దు అనేది. కొత్త సూది కాకపోతే ముట్టేది కాదు, దవాఖాన మందులు మాననిచ్చేది కాదు, ఆ రెండూ ఒప్పుకుంటాను. సూదులే తగ్గించేవో, అంతసేపు కదలకుండా పడుకోవడమే తగ్గించేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకూ తెలియదనే నా అనుమానం.

తగవు మా ఇంట్లోనే పుట్టింది. రాష్ట్రం రావడానికి చాలా ముందు మాట. మా ఆయన భూగర్భ గనిలో పనిచేసేవాడు. దగ్గు ముదిరి, మాట మధ్యలో ఆగి గోడ పట్టుకునేదాకా వచ్చాడు. కంపెనీ మెడికల్ బోర్డు "అన్‌ఫిట్" అంటే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. అందుకే మా దిక్కు దగ్గును కూడా ఆస్తిలాగా కాపాడుకుంటారు. బోర్డు ముందుకు రమ్మని ఆయనకు పిలుపొచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ సూదుల డబ్బా పట్టుకుని దిగింది.

"బోర్డు అయినంక పొడువు. అప్పటిదాంక ఆగు" అన్నాను.

"గప్పటిదాంక మా అన్న దగ్గాల్నా వదినె?"

"నీ మేనల్లుని బతుకు పిల్లా అది!"

"మా అన్నది బతుకు కాదా? తెల్లారేదాంక కూసునే ఉంటున్నడు. పండుకోనియ్యి."

ఆయన పడుకున్నాడు, హాయిగా. బోర్డు "ఫిట్" అంది. బోర్డు చూసేది ఎక్స్‌రేను గానీ దగ్గును కాదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గుతుందా? మా అబ్బాయి అయితే వాకిట్లోనే నిలదీశాడు.

"అత్తమ్మా, నా నౌకరిని సూదితోని పొడిసినవ్ గదా!"

"నా సూదికి గంత బలముంటే ఊరి మీది దుమ్మునే ఆపేదాన్ని, పోరా" అంది.

ఏడ్చి ఉంటే క్షమించేదాన్నేమో. ఏడవలేదు. పైగా సాయంత్రం మళ్లీ వచ్చింది.

మా వాడు ఎన్నాళ్లకో మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో కరెంటు ప్లాంటు కట్టేచోట కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఆయన రిటైరయ్యేదాకా గనిలోకి దిగుతూనే ఉన్నాడు. నేను ఆమెతో మాట మానేశాను. ఆమె రావడం మానలేదు. చెప్పదలుచుకున్నదంతా ఆయనకు చెప్పేవాళ్లం.

"చాయ్ చల్లారుతున్నదని మీ చెల్లెకు చెప్పుండ్రి."

"చక్కెర తక్కువైందని వదినెకు చెప్పన్నా."

"నోట్లెనే లేని చక్కెర కప్పుల ఏడికెల్లి వస్తదో అడుగుండ్రి."

"అన్నా, నవ్వకు. సూది వంకరపోతది."

నోరు మెదపకూడని మనిషి మా ఇద్దరికీ రాయబారి. ఆయన పొట్ట మాత్రం ఎగిరెగిరి పడేది.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకుల పొగ. ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగలేదు. ఆడేవాళ్లను, పాడేవాళ్లను తోసుకుంటూ, జుట్టు నిండా రంగుతో మా ఆడబిడ్డ వచ్చింది. "రాష్ట్రమైతే వచ్చింది, మా అన్నకు దమ్ము రాలే" అని గొణుక్కుంటూ డబ్బా తెరిచింది. ఆయన చెయ్యి అదిరిపోతోంది. సూది ఎక్కడ దించాలో దొరకడం లేదు.

"గట్టిగ పట్టు" అంది. మధ్యలో అన్న లేడు. నాతోనే అంది.

"పట్టుకున్న" అన్నాను.

అన్నేళ్ల తర్వాత మేం నేరుగా మాట్లాడుకున్నది అంతే. మిగతాది తర్వాత అనుకుందామనుకున్నాను. మళ్లీ ఆయన ద్వారానే మాట్లాడుకుంటూ ఏళ్లు గడిపేశాం, ఈలోగా పోయింది. అడగకుండా వచ్చినందుకు కోపమే, చెప్పకుండా పోయినందుకు అంతకంటే కోపం. ఎవరితో తీర్చుకోను?

నిన్న సాయంత్రం ఆయన చొక్కా గుండీలన్నీ విప్పుకొని, కళ్లు మూసుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "ఇగ రాదు, లేవుండ్రి" అన్నాను. లేవలేదు. దగ్గు మొదలైంది. పక్కన కూర్చుని కింది నుంచి ఒక్కో గుండీ పెట్టసాగాను. దగ్గిన ప్రతిసారీ గుండీ వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. చీకటి పడుతున్నా లైటు వేయడానికి లేవకుండా, తడుముకుంటూ మళ్లీ మళ్లీ పెడుతూనే ఉన్నాను.