నాలుగు గీతల కోటు

టైరు కొట్టు పైనున్న మేడగదిలో ఒక అంతరిక్ష నౌకాదళం ఉండేదంటే నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నవ్వుకుంటారు. టైలరమ్మ మాత్రం నమ్మనూ లేదు, నవ్వనూ లేదు. ఆవిడకి వాళ్ళని తలుచుకుంటేనే చీదర. వాళ్ళలో ఎవరి పొట్ట ఎంతో, ఎవరి భుజం ఏ వైపు వాలిందో ఆవిడ చేతిలోని టేపుకి తెలుసు. అందరి యూనిఫాములూ ఆవిడ కుట్టుమిషను మీదే పుట్టాయి మరి.

ఆదివారం వస్తే చాలు, పెళ్ళాం పిల్లలున్న పెద్దమనుషులు నీలం బట్టలు తొడుక్కుని, ఆ గదే అంతరిక్షంలో తిరిగే ఓడ అనుకుని పిల్లలాటలాడుకోడానికి ఆ మేడ ఎక్కేవాళ్ళు. అందరికంటే పైన మహా అడ్మిరల్. ఆయన ఫర్నిచర్ షాపు యజమాని. ఆయన కింద ఇద్దరు వైస్ అడ్మిరళ్ళు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన ఇన్సూరెన్సు ఏజెంటు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వాళ్ళ కింద కమోడోరు, ఆయన కింద కెప్టెను, కమాండరు, ఆ తర్వాత లెఫ్టినెంట్లు. ఇంతమంది అధికారులకీ కలిపి నావికుడు ఒక్కడే. వాడు టైలరమ్మ తమ్ముడు. గది ఊడ్చేదీ, టీ తెచ్చేదీ, అట్టపెట్టెలు మోసేదీ వాడే. "ఏం నౌకాదళంరా మీది, నా మొహంలా ఉంది. ఒక్కడు పనిచేయడం, మిగతావాళ్ళు మీసం దువ్వుకోవడం," అని ఆవిడ దెప్పిపొడిచేది. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఊరుకోక ఏం చేస్తాడు? వాడికి పుట్టినప్పటినుంచీ నత్తి. బస్సు డిపోలో బస్సులు కడిగే పని. హాజరు పిలిచేటప్పుడు వాడి వంతు రాగానే పక్కవాళ్ళు ఆవలించేవాళ్ళు. ఒకడు కావాలని గడియారం చూసుకునేవాడు. కొట్టుకెళ్తే కావలసినవి వేలితో చూపించి కొనుక్కునేవాడు. అమ్మ పోయాక పెంచింది అక్కే కాబట్టి వాడి కళ్ళు చూసి కడుపులో ఏముందో చెప్పడం ఆవిడకి అలవాటైపోయింది. ఆ అలవాటే వాడికి చెరుపు చేసిందేమోనని ఆవిడకి లోపల ఒక బెంగ.

అయితే ఆ నౌకాదళంలో ఒక చాదస్తం ఉంది. పైవాడు ఆజ్ఞ ఇస్తే అది మెట్టు మెట్టూ కిందికి దిగాలి. అందుకున్న ప్రతివాడూ దాన్ని పొల్లుపోకుండా పైకి చెప్పి, తన కిందివాడికి అందించాలి. మధ్యలో ఒక్క మెట్టు తప్పించినా మళ్ళీ మొదటికి రావాలి. "ఎడమకి తిప్పండి" అని అడ్మిరల్ అంటే, అది పళ్ళ డాక్టరు నోట్లోంచి, ఏజెంటు నోట్లోంచి, కమోడోరు నోట్లోంచి నానుతూ నానుతూ కిందికి వచ్చేసరికి, నిజం ఓడైతే ఏ చంద్రుడికో గుద్దుకుని తునాతునకలయ్యేది. చిట్టచివర తమ్ముడు. పాత బస్సు గేరు కడ్డీ ఒకటి నేలకి బిగించి ఉండేది. వాడు ఆజ్ఞ మొత్తం చెప్పి ఆ కడ్డీ లాగాలి.

అలా చెప్పేటప్పుడు వాడికి నత్తి వచ్చేది కాదు. మాట ఎవరిదో కాబట్టి, గొట్టంలో నీళ్ళలా ఎక్కడా ఆగకుండా వచ్చేసేది. గొంతు కూడా ఖంగుమనేది. వాళ్ళందరూ వాడికి మైకు అని పేరు పెట్టారు. మొదటి ఆదివారం వాడు ఇంటికొచ్చి, ఆ సంగతి చెప్పలేక చెప్పి, అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు కోసమే ఆవిడ ఇన్నేళ్ళూ ఆ పొట్టలన్నిటికీ బట్టలు కుట్టిపెట్టింది.

ఈమధ్య ఆ ఓడ కెప్టెనుకి వేరే ఊరు బదిలీ అయింది. కుర్చీ ఖాళీ. ఓడ నడుస్తున్నంతసేపూ అడ్మిరల్ కాక సొంత మాట మాట్లాడే హక్కు కెప్టెనుకొక్కడికే. ఎటు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆయన నోటికి ఏది తోస్తే అదే ఆజ్ఞ. అందరి ముందూ అడ్మిరల్ తమ్ముడి భుజం తట్టి, "ఈసారి కుర్చీ నీదేరా మైకూ. ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చింది నువ్వేగా," అన్నాడు. పిల్లికి ఎలకతో ఆడుకోవడం సరదా అని ఆవిడకి ఆరోజు తట్టలేదు. మంచి గుడ్డ తెచ్చి, తమ్ముడి కొలతలకి కోటు కుట్టి, భుజాల మీద నాలుగేసి జరీ గీతలు చేత్తో వేసింది.

మధ్యాహ్నాలు అక్క టైలరింగు కొట్లో బేరాలుండని వేళ తమ్ముడు సాధన చేసేవాడు. గుండీల డబ్బాలు, ఇస్త్రీపెట్టె అన్నీ అధికారులే. అక్క నావికుడు.

"నే... నే... నేను చె... చెప్తున్నా. ఓడ ఆ... ఆపండి."

"ఓడ ఆపాం. ఇంకా ఏం చేయమంటారు కెప్టెన్‌గారూ?"

"టీ... టీ తెమ్మంటున్నా."

"చెంప పగలగొడతాను. వెళ్ళి నువ్వే తెచ్చుకో."

వాడు పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు మధ్యలో ఒకసారి, "నేను చెప్తున్నా, ఎడమకి తిప్పండి," అని గబుక్కున అనేశాడు. మాట ఎక్కడా ఆగలేదు. ఆ కుర్చీలో నాలుగు వారాలు కూర్చుంటే వీడికి సొంత గొంతు వచ్చేస్తుందని ఆవిడకి అప్పుడు నమ్మకం కుదిరింది.

కుర్చీ ఇచ్చే ఆదివారం ఆవిడ కూడా మేడ ఎక్కింది. గదినిండా కాలిన రబ్బరు వాసన. గోడలకి వెండిరంగు కాగితం, మధ్యలో ఫర్నిచర్ షాపు నుంచి తెచ్చిన తిరిగే కుర్చీ. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో అధికారుల పెళ్ళాలు విసుక్కుంటూ ఫోన్లు చూసుకుంటున్నారు. తమ్ముడు చేతిలో కోటు మడత నలగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

అడ్మిరల్ గొంతు సవరించుకుని, దళాన్ని కొత్తగా సర్దుతున్నామన్నాడు. బోర్డు మీద గడులూ బాణాలూ గీశాడు. గీసి గీసి, కెప్టెన్ గడిలో తన అల్లుడి పేరు రాశాడు. ఆ అల్లుడు అంతకుముందు ఒక్కనాడూ ఆ గడప తొక్కినవాడు కాదు. బబుల్‌గమ్ నములుతూ వచ్చి, తమ్ముడి చేతిలోంచి కోటు తీసుకుని, అక్కడే తొడుక్కున్నాడు. చంకల దగ్గర బిగిసింది.

"కొంచెం ఇక్కడ వదులు చేసిపెట్టమ్మా," అన్నాడు అడ్మిరల్, ఆవిడ సంచీలో సూదీదారం ఉంటాయని తెలిసినవాడు కాబట్టి.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అది మా తమ్ముడి కొలత. మీ అల్లుడిగారి చంకలు తెగేదాకా అలాగే తొడుక్కోమనండి. ఏమండీ, అందరి ముందూ మీరన్న మాట ఏమైంది?"

"అమ్మా, బయటివాళ్ళు అధికార వరసలో మాట్లాడకూడదు."

ఒక్కడు కూడా తలెత్తలేదు. పోయిన నెలలో తమ్ముడి చేత ఇంట్లో బీరువా మోయించుకున్న కమోడోరు బూట్లు చూసుకుంటున్నాడు. ఏజెంటు మాత్రం అల్లుడికి అప్పుడే సెల్యూట్ కొట్టేశాడు. వీళ్ళ చొక్కాలకా నేను కాజాలు కుట్టిందీ అనుకుంది ఆవిడ.

తమ్ముడు ఒక అడుగు ముందుకేశాడు. "నే..." అన్నాడు. "నే... నే..." మెడనరాలు ఉబ్బాయి. అల్లుడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ, అనరా, ఒక్క ముక్క అనేసి రా, పోదాం అని మనసులో మొత్తుకుంది.

"సరే సరే, అదంతా తర్వాత. ముందు ఆజ్ఞ అందుకో," అన్నాడు అడ్మిరల్.

ఆజ్ఞ బయల్దేరింది. పళ్ళ డాక్టరు చెప్పాడు, ఏజెంటు చెప్పాడు, కమోడోరు చెప్పాడు. అల్లుడు బబుల్‌గమ్ బుగ్గన పెట్టుకుని చెప్పాడు. కమాండరూ లెఫ్టినెంట్లూ వరసగా చెప్పారు. ఇంత దుర్మార్గాన్ని ఇన్ని నోళ్ళు పంచుకుంటే ఎవరికీ బరువుండదు కాబోలు. చివరికి తమ్ముడి దగ్గరికి వచ్చింది. ఆవిడ లేచి వాడి మోచెయ్యి పట్టుకుంది. వాడు మెల్లిగా విడిపించుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"నావికుడు మైకుకి ఓడ నడిపే అర్హత లేనందున, ఈరోజునుంచి గేరు కడ్డీ కొత్తవారికి అప్పగించి, తలుపు దగ్గర చెప్పులకి కాపలా ఉండవలసింది. ఇది మహా అడ్మిరల్ ఆజ్ఞ," అన్నాడు. గొంతు ఖంగుమంది. కింద టైరు కొట్లోవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. గదంతా చప్పట్లు. వెనక కూర్చున్న పెళ్ళాలు కూడా ఫోన్లు పక్కనపెట్టి చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక ఇద్దరూ మెట్లు దిగి వీధిలోకొచ్చారు. ఆవిడకి వాళ్ళ మీదా రోతే, అలా ఖంగుమని చెప్పినందుకు వీడి మీదా రోతే. ఏదైనా తిట్టి కడుపుమంట చల్లార్చుకుందామని వాడివైపు తిరిగింది. వాడి మొహం వెలిగిపోతోంది.

"అ... అక్కా," అన్నాడు. "అం... అంతసేపు చె... చెప్పాను. ఒ... ఒక్కచోటైనా త... తడబడ్డానా?"

"లేదురా నాన్నా," అంది ఆవిడ.